కాల్పనికోద్యమ యుగపు యూరప్ సంగీతం: లక్షణాలు, ప్రక్రియలు – మాటకూ నాదానికీ మధ్య సంవాదం

వ్యాససంగ్రహం:
తెలుగు సాహిత్య విమర్శలో కాల్పనికోద్యమ ప్రస్తావన ప్రధానంగా ఆంగ్ల కవిత్వం ఆధారంగా సాగింది. అదే కాలంలో జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్, పోలండ్, ఇటలీ దేశాల సంగీతంలో వచ్చిన మార్పులు మన చర్చలోకి అంతగా రాలేదు. సుమారు 1800 నుంచి 1900 వరకు యూరప్ సంగీతంలో కనిపించే ప్రధాన లక్షణాలను, ప్రక్రియలను పరిచయం చేయడం ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. ఆ ప్రక్రియలన్నిటి వెనుక మాటకూ నాదానికీ గల సంబంధాన్ని గురించిన ఒకే ప్రశ్న ఉందని నిరూపించడం రెండవ ఉద్దేశం. ఆత్మాశ్రయత్వం, జాతీయత అనే భావనలకు ఆ యుగంలోనే ఏర్పడిన పరిమితులను కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: కాల్పనికోద్యమం, లీడ్, సింఫనీ, స్వరకావ్యం, ఒపేరా, ఆత్మాశ్రయత్వం, జాతీయత, వాగ్గేయకారుడు.

1. ఉపోద్ఘాతం

భావకవిత్వాన్ని బోధించేటప్పుడు సాధారణంగా వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్ పేర్లతో పాఠం మొదలవుతుంది. 1798లో వెలువడిన 'లిరికల్ బాలడ్స్' ప్రస్తావన వస్తుంది. ఆత్మాశ్రయత్వం, ప్రకృతి ప్రీతి, స్వేచ్ఛాకాంక్ష, అమలిన ప్రేమ వంటి లక్షణాలను వరుసగా చెప్పుకుంటాం. ఈ పద్ధతిలో తప్పు లేదు. భావకవులకు కాల్పనికోద్యమం చేరింది ఆంగ్ల కవిత్వం ద్వారానే. అయితే ఆ ఉద్యమాన్ని కేవలం కవిత్వోద్యమంగా భావించడం వల్ల దాని స్వరూపంలో ఒక ముఖ్య భాగం మన దృష్టికి అందకుండా పోతుంది.

జర్మన్ కాల్పనికవాదులలో పలువురు కళలన్నిటిలో అగ్రస్థానం కవిత్వానికి కాక సంగీతానికి ఇచ్చారు. కథకుడు, సంగీతకర్త అయిన ఇ.టి.ఎ. హాఫ్‌మన్ 1810లో బీథోవెన్ ఐదవ సింఫనీపై సమీక్ష రాస్తూ, వాద్యసంగీతమే కళలలోకెల్లా అత్యంత కాల్పనికమైనదన్నాడు. మాటలు లోకంలోని వస్తువులను సూచిస్తాయి. వాద్యనాదం ఏ వస్తువునూ సూచించదు కనుక అనంతమైనదాన్ని స్పర్శించగలదని ఆయన అభిప్రాయం.

ఇక్కడ ఒక వైరుధ్యం ఎదురవుతుంది. మాట అవసరం లేనందువల్లే సంగీతం ఉత్తమమని ప్రకటించిన ఆ యుగమే, సంగీతంలోకి సాహిత్యాన్ని మునుపెన్నడూ లేనంతగా తీసుకువచ్చింది. కవితలకు వందలాది స్వరరచనలు వచ్చాయి. సింఫనీలకు కథలు చేరాయి. వాద్యరచనలకు కావ్యనామాలు పెట్టారు. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకుంటే ఆ యుగపు ప్రక్రియలు ఎందుకు ఆ రూపంలో పుట్టాయో బోధపడుతుంది.

2. నేపథ్యం: పోషకుడు మారాడు, వాద్యం మారింది

పద్దెనిమిదవ శతాబ్దంలో సంగీతకర్త చాలావరకు సంస్థానాల్లోనో చర్చిలోనో ఉద్యోగి. హైడన్ దశాబ్దాలపాటు ఎస్టర్హాజీ ప్రభువుల కొలువులో ఉన్నాడు. ఫ్రెంచి విప్లవం, నెపోలియన్ యుద్ధాల తరువాత ఈ వ్యవస్థ సడలింది. టికెట్టు కొని కచేరీకి వచ్చే మధ్యతరగతి శ్రోతలు, ఇంట్లో వాయించుకోవడానికి స్వరపత్రాలు కొనే కుటుంబాలు కొత్త పోషకులయ్యారు. సంగీతకర్తకు స్వేచ్ఛ లభించింది. దానితోపాటు జీవికకు హామీ పోయింది. 'తన కోసం తాను రాసుకునే కళాకారుడు' అనే కాల్పనిక భావన ఈ ఆర్థిక మార్పులోంచే బలపడింది.

బీథోవెన్ (1770–1827) ఈ మార్పుకు తొలి ప్రతీక. ఆయన తన మూడవ సింఫనీకి తొలుత నెపోలియన్ పేరు పెట్టదలచి, అతడు చక్రవర్తిగా ప్రకటించుకున్నాడని తెలిసి ఆ పేరును తొలగించాడు. 'ఎరోయికా'గా ప్రసిద్ధమైన ఆ రచన తొలి బహిరంగ ప్రదర్శన 1805లో వియన్నాలో జరిగింది. ఒక సింఫనీ ఎవరి పేరు మోయాలో నిర్ణయించే అధికారం రచయితకే ఉందన్న స్పృహ ఈ సంఘటనలో కనిపిస్తుంది.

వాద్యాలలోనూ మార్పు వచ్చింది. మొజార్ట్ కాలంలో సుమారు ఐదు స్థాయిల విస్తృతి గల పియానో, శతాబ్దం చివరికి ఏడు స్థాయిలు దాటి 88 మెట్లకు చేరింది. చెక్క చట్రం స్థానంలో ఇనుప చట్రం రావడంతో తంత్రులను మరింత బిగించి పెద్ద నాదం పుట్టించడం సాధ్యమైంది. 1821లో సెబాస్టియన్ ఎరార్ రూపొందించిన ఏర్పాటు వల్ల మెట్టు పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్ళీ వాయించగలిగారు. కొమ్మువాద్యాలకు కవాటాలు అమరడంతో వాటిలో అన్ని స్వరాలూ పలికాయి. కాల్పనిక సంగీతపు ఉద్వేగం భావజాలంతో పాటు ఇనుముతోనూ కవాటాలతోనూ నిర్మితమైందని గుర్తించాలి.

3. ప్రధాన లక్షణాలు

3.1 వ్యక్తి అనుభూతికి ప్రాధాన్యం: అంతకుముందటి సంగీతంలో భావం లేదని కాదు. కానీ అది సాధారణీకృతమైన భావం. కాల్పనిక యుగంలో అది ఫలానా వ్యక్తి జీవితంలోని భావంగా వినిపించసాగింది. షూమన్ తన స్వభావంలోని రెండు పార్శ్వాలకు ఫ్లొరెస్టాన్, యుసేబియస్ అని పేర్లు పెట్టి, పియానో రచనల్లోనూ విమర్శ వ్యాసాల్లోనూ వారిని పాత్రలుగా నిలిపాడు. మొదటివాడు ఆవేశపరుడు, రెండవవాడు స్వాప్నికుడు.

3.2 హార్మొనీ విస్తృతి: మన సంగీతం ప్రధానంగా రాగం మీద, అంటే ఒక్కొక్క స్వరం వరుసగా నడిచే తీరు మీద ఆధారపడింది. పాశ్చాత్య సంగీతంలో పలు స్వరాలు ఏకకాలంలో పలికే హార్మొనీ ప్రధానం. అందులో అశాంతిని కలిగించే స్వరసమూహం తరువాత విశ్రాంతినిచ్చే స్వరసమూహం రావాలని శ్రోత ఎదురుచూస్తాడు. కాల్పనికులు ఈ విశ్రాంతిని ఆలస్యం చేశారు. వాగ్నర్ 'ట్రిస్టాన్ ఉండ్ ఇసోల్డె' (1865) ప్రారంభంలో వినిపించే అశాంత స్వరసమూహానికి నిజమైన ఉపశమనం గంటల తరువాత నాటకం ముగింపులోనే లభిస్తుంది. తీరని కోరిక అనే వస్తువును మాటతో చెప్పడానికి ముందే నాదం చెబుతుంది.

3.3 పరిమాణంలో తీవ్రతలు: ఒకవైపు పావుగంట కూడా పట్టని, కొన్నిసార్లు నిమిషంలో ముగిసే పియానో ఖండికలు, మరొకవైపు నాలుగు నాటకాల వాగ్నర్ 'రింగ్'. ధ్వని స్థాయిలోనూ అంతే. మెల్లగా వాయించమనడానికి 'పి' అనే గుర్తు వాడతారు. చైకోవ్‌స్కీ తన ఆరవ సింఫనీ (1893)లో ఒకచోట ఆ అక్షరాన్ని ఆరుసార్లు రాశాడు. దాదాపు వినిపించని ధ్వనిని కూడా రచయిత కాగితం మీద కోరాడన్నమాట.

3.4 ప్రకృతి, అద్భుతం, గతం: అడవి, నది, రాత్రి, భూతప్రేతాలు, మధ్యయుగ గాథలు వస్తువులయ్యాయి. వెబర్ ఒపేరా 'డెర్ ఫ్రైషుట్జ్' (1821)లో అర్ధరాత్రి అడవిలో మంత్రించిన తూటాలను పోతపోసే ఘట్టం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. గతం పట్ల ఆసక్తి సంగీత చరిత్రనే మార్చింది. ఇరవై ఏళ్ళ మెండెల్సన్ 1829లో బెర్లిన్‌లో బాఖ్ రచన 'సెయింట్ మాథ్యూ పాషన్'ను ప్రదర్శించి, మరుగున పడిన ఆ మహారచనను మళ్ళీ లోకం ముందుంచాడు.

4. ప్రక్రియలు

4.1 లీడ్: కవితకు స్వరభాష్యం

జర్మన్ భాషలో 'లీడ్' అంటే పాట. ఒక కవి రాసిన కవితను ఒక గాత్రానికి, పియానోకు అనువుగా మరొకరు స్వరపరచడం ఈ ప్రక్రియ స్వరూపం. తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక భేదం స్పష్టం కావాలి. మన వాగ్గేయకార సంప్రదాయంలో మాతువు, ధాతువు ఒకే వ్యక్తివి. సాహిత్యం పుట్టిన మనసులోనే సంగీతమూ పుడుతుంది. లీడ్‌లో ఆ రెండూ ఇద్దరివి. కాబట్టి స్వరకర్త కవితకు తొలి పాఠకుడు, వ్యాఖ్యాత అవుతాడు.

ఫ్రాంజ్ షూబర్ట్ (1797–1828) 31 ఏళ్ళ జీవితంలో ఆరు వందలకు పైగా ఇటువంటి పాటలు రాశాడు. 1814 అక్టోబరులో, 17 ఏళ్ళ వయసులో, గోథె 'ఫౌస్ట్'లోని ఒక ఘట్టాన్ని 'గ్రెచెన్ ఆమ్ ష్పిన్‌రాడె'గా స్వరపరిచాడు. ప్రియుణ్ణి తలుచుకుంటూ నూలు వడికే యువతి పాట అది. పియానోలో రాట్నం తిరుగుతూ ఉంటుంది. అతని ముద్దు జ్ఞాపకం రాగానే రాట్నం ఆగిపోతుంది. కాసేపటికి తడబడుతూ, ఒకటి రెండు ప్రయత్నాల తరువాత మళ్ళీ తిరగడం మొదలవుతుంది. చేయి ఎందుకు ఆగిందో కవితలో లేదు. చెప్పింది పియానో.

మరుసటి ఏడాది రాసిన 'ఎర్ల్‌కోనిగ్'లో ఒకే గాయకుడు కథకుడు, తండ్రి, కొడుకు, పిల్లవాణ్ణి ఆశపెట్టే భూతరాజు అనే నాలుగు గొంతులు పలకాలి. పియానోలో గుర్రపు డెక్కల చప్పుడు ఎడతెగకుండా సాగుతుంది. పిల్లవాడు తండ్రిని పిలిచిన ప్రతిసారీ ఆ పిలుపు అంతకుముందు కంటే పై స్వరానికి ఎక్కుతుంది. భూతరాజు మాటలు మాత్రం మధురంగా ఉంటాయి. ప్రమాదాన్ని కర్కశంగా కాక తీయగా వినిపించడమే ఈ రచనలోని వ్యాఖ్యానం. 1816లో షూబర్ట్ మిత్రులు ఈ పాటలను గోథెకు పంపగా ఆయన సమాధానం లేకుండా తిప్పి పంపించాడు. కవితను మించి స్వరకర్త మాట్లాడకూడదనేది ఆ కాలపు పాత అభిరుచి. మాటకూ నాదానికీ మధ్య ఎవరిది పైచేయి అన్న వివాదం ఈ తిరస్కారంలోనూ ఉంది.

విల్‌హెల్మ్ మ్యూలర్ కవితలకు షూబర్ట్ 1827లో కూర్చిన 'వింటర్‌రైజ' 24 పాటల మాలిక. ప్రేమ విఫలమైన యువకుడు మంచులో సాగించే నడక దాని వస్తువు. చివరి పాటలో ఊరి చివర చేతివాద్యం తిప్పుతూ నిలబడిన ముసలివాడు కనిపిస్తాడు. ఎవరూ అతనికి పైసా వేయరు. ఈ పాటలో పియానో ఎడమచేయి మొదటినుంచి చివరివరకు ఆధార స్వరాన్ని, దాని పంచమాన్ని మాత్రమే పలుకుతుంది. మన చెవికి అది తంబురా శ్రుతిలా వినిపిస్తుంది. కానీ మన కచేరీలో శ్రుతి ఆశ్రయం; ఇక్కడ అదే షడ్జ పంచమాల జంట శూన్యానికి గుర్తు. ఒకే నాదం రెండు సంస్కృతులలో రెండు అర్థాలనివ్వడం, నాదానికి స్వతస్సిద్ధమైన భావం ఎంత అన్న ప్రశ్నను మన ముందుంచుతుంది.

షూమన్ (1810–1856) 1840లో, క్లారా వీక్‌తో వివాహం కోసం ఆమె తండ్రితో న్యాయస్థానంలో పోరాడుతున్న సమయంలో, వందకు పైగా పాటలు రాశాడు. హైనె కవితలతో కూర్చిన 'డిఖ్టర్‌లీబె' వాటిలో ప్రసిద్ధం. అందులో మొదటి పాట విశ్రాంతి స్వరం చేరకుండానే ఆగిపోతుంది. వాక్యం ముగియని కవితలా అది గాలిలో నిలిచిపోతుంది.

4.2 పియానో ఖండిక: మాటలేని గేయం

ఐర్లండ్‌కు చెందిన జాన్ ఫీల్డ్ నాక్టర్న్ అనే నిశాగీత ప్రక్రియను ప్రారంభించాడు. షోపాన్ (1810–1849) దానికి ప్రౌఢత్వం కల్పించాడు. ఎడమచేతి లయ స్థిరంగా సాగుతుండగా కుడిచేతి రాగం కాస్త ముందుకు వెనక్కు ఊగే 'రుబాటో' ఆయన శైలికి ప్రాణం. మెండెల్సన్ తన ఖండికలకు పెట్టిన పేరే 'మాటలు లేని పాటలు'. వాటికి అర్థమేమిటని అడిగినవారికి 1842లో రాసిన లేఖలో ఆయన, సంగీతంలోని భావాలు మాటలకందనంత అస్పష్టమైనవి కావనీ, మాటలు పట్టుకోలేనంత స్పష్టమైనవనీ వివరించాడు. 'అనిర్వచనీయం' అనే మాటను మనం సాధారణంగా అస్పష్టతకు పర్యాయంగా వాడతాం. మెండెల్సన్ వాదన దానిని తిరగవేస్తుంది.

4.3 కథాసింఫనీ, స్వరకావ్యం

1830 డిసెంబరు 5న పారిస్‌లో బెర్లియోజ్ (1803–1869) 'సింఫనీ ఫాంటాస్టిక్' తొలిసారి ప్రదర్శితమైంది. షేక్‌స్పియర్ నాటకాలలో నటించిన హారియట్ స్మిత్‌సన్ పట్ల ఆయనకు గల ప్రేమ దీనికి ప్రేరణ. ఐదు భాగాల కథను ముద్రించి శ్రోతలకు పంచారు. ప్రియురాలికి ప్రతినిధిగా ఒక రాగం ఐదు భాగాల్లోనూ వస్తుంది. నృత్యసభలో అదే వినిపిస్తుంది. నాలుగవ భాగంలో వధ్యశిల మీద ఒక్క క్షణం మెరిసి, కత్తి దెబ్బతో తెగిపోతుంది. చివరి భాగంలో వికృతమైన నృత్యంగా మారుతుంది. ఒక రాగాన్ని పాత్రగా పెంచి, దిగజార్చి చూపడం నవలాకారుని పని. దానిని వాద్యబృందం చేసింది.

లిస్ట్ (1811–1886) దీనిని ఒకే భాగం గల రచనగా కుదించి 'సింఫనిక్ పోయెమ్' అని పేరుపెట్టాడు. దీనిని స్వరకావ్యం అనవచ్చు. 1854లో ప్రదర్శితమైన 'లె ప్రెల్యూడ్'ను లామార్టీన్ కవితతో ముడిపెట్టారు. నిజానికి అందులోని సంగీతం మొదట వేరొక కవి పద్యాలకు రాసిన బృందగానాల పూర్వరంగంగా మొదలైంది. లామార్టీన్ పేరు తరువాత చేరింది. అదే 1854లో ఎడ్వర్డ్ హాన్స్‌లిక్ తన ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రకటించి, సంగీత సౌందర్యం దాని స్వరరూపాల కదలికలోనే ఉందిగాని బయటి కథలోనో, అది రేపే భావంలోనో లేదని వాదించాడు. బ్రామ్స్ (1833–1897) కథలేని సింఫనీలతో ఈ పక్షానికి ఆదర్శమయ్యాడు. లిస్ట్ రచన చరిత్రను చూస్తే హాన్స్‌లిక్ వాదనకు బలం కనిపిస్తుంది. ఒకే నాదానికి రెండు కవితలు అతికినప్పుడు, కవిత నాదంలోంచి పుట్టిందని చెప్పడం కష్టం. అయితే పేరు తెలిశాక శ్రోత వినికిడి మారుతుందన్నదీ అంతే నిజం. రచయిత ఉద్దేశానికీ, శ్రోత గ్రహణానికీ మధ్య ఈ దూరాన్ని విస్మరించడం ఇరుపక్షాల లోపం.

4.4 ఒపేరా

ఇటలీలో వెర్డి (1813–1901) 'రిగొలెట్టో' (1851), 'లా ట్రావియాటా' (1853) వంటి ఒపేరాలలో గూనివాడైన విదూషకుణ్ణి, సమాజం వెలివేసిన స్త్రీని నాయక పాత్రలుగా నిలిపాడు. జర్మనీలో వాగ్నర్ (1813–1883) కవిత్వం, సంగీతం, నటన, రంగాలంకరణ ఒకే కళగా కలవాలన్నాడు. తన నాటకాల సాహిత్యాన్ని తానే రాసుకున్నాడు. ఈ ఒక్క అంశంలో ఆయన వాగ్గేయకారునికి దగ్గరగా వస్తాడు. 1876లో బైరాయిత్‌లో 'రింగ్' పూర్తిగా ప్రదర్శితమైంది. ఖడ్గం, ఉంగరం, నది వంటి వాటికి ఒక్కొక్క చిన్న స్వరపల్లవిని కేటాయించి, పాత్ర పైకి చెప్పనిదాన్ని వాద్యబృందం చేత చెప్పించడం ఆయన పద్ధతి.

5. జాతీయత: వెలుగు, నీడ

షోపాన్ 1830 నవంబరులో వార్సా విడిచిన కొన్ని వారాలకే అక్కడ రష్యా పాలనపై తిరుగుబాటు చెలరేగింది. ఆయన మళ్ళీ స్వదేశం చూడలేదు. పారిస్‌లో ఉండి రాసిన మజుర్కాలు, పోలొనేజ్‌లు పోలండ్ నృత్యరూపాలు. దేశం పటంలో లేనప్పుడు దాని లయ పియానో మీద నిలిచింది. బొహీమియాలో స్మెతానా 'మా వ్లాస్ట్' అనే ఆరు స్వరకావ్యాల్లో తన దేశపు నదిని, చరిత్రను కీర్తించాడు. వాటిని కూర్చిన కాలంలోనే ఆయన వినికిడి కోల్పోయాడు. రష్యన్ సామ్రాజ్యంలో భాగమైన ఫిన్‌లాండ్‌లో 1899లో పత్రికలకు మద్దతుగా జరిగిన వేడుక కోసం సిబేలియస్ రాసిన సంగీతం నుంచి 'ఫిన్‌లాండియా' వచ్చింది.

అణచివేతకు గురైన జాతులకు ధైర్యమిచ్చిన ఈ భావనే మరొకచోట వెలివేతకు ఆయుధమైంది. వాగ్నర్ 1850లో మారుపేరుతో రాసిన వ్యాసంలో, యూదు సంతతివారు జర్మన్ సంగీతాత్మను పలకలేరని నిందించాడు. ఆ నిందకు లక్ష్యమైనవారిలో బాఖ్‌ను మళ్ళీ జర్మనీకి అందించిన మెండెల్సన్ ఒకడు. 1936లో నాజీ పాలనలో లైప్‌జిగ్‌లోని మెండెల్సన్ విగ్రహాన్ని తొలగించారు. 'జాతి ఆత్మ' అనే కాల్పనిక భావనను బోధించేటప్పుడు, ఆ ఆత్మలో ఎవరికి చోటివ్వలేదన్న ప్రశ్ననూ విద్యార్థుల ముందుంచాలి.

6. ఎవరి ఆత్మాశ్రయత్వం?

ఇదే ప్రశ్న వ్యక్తి విషయంలోనూ అడగాలి. ఫెలిక్స్ మెండెల్సన్ అక్క ఫానీ (1805–1847) తమ్ముడితో సమానంగా సంగీత శిక్షణ పొందింది. 1820లో తండ్రి ఆమెకు రాసిన లేఖలో, సంగీతం ఫెలిక్స్‌కు వృత్తి కావచ్చునేమో గాని ఆమెకు మాత్రం అలంకారంగానే ఉండాలని స్పష్టం చేశాడు. ఆమె పాటలు కొన్ని తమ్ముడి పేరుతో అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి ఫెలిక్స్ ఎదుట ఆయన సంపుటంలోని ఒక పాటను ఇష్టంగా ఎంచుకుని పాడింది. అది తన అక్క రచన అని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. ఫానీ తన సొంత పేరుతో రచనలను ప్రచురించడం మొదలుపెట్టింది 1846లో. మరుసటి ఏడాది మే నెలలో మరణించింది. అప్పటికి ఆమె రచనలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి.

యూరప్ అంతటా పేరున్న పియానో విదుషి క్లారా షూమన్ (1819–1896) కూడా, స్త్రీ స్వరరచన చేయాలని కోరుకోకూడదేమో అని యౌవనంలోనే దినచర్యలో రాసుకుంది. 'నేను' అనే మాటను కేంద్రంగా చేసుకున్న యుగం, ఆ మాటను పలికే హక్కును అందరికీ ఇవ్వలేదు. గ్రెచెన్ వేదనను పదిహేడేళ్ళ యువకుడు అద్భుతంగా పాడించగలిగాడు. తన వేదనను తానే స్వరపరిచిన స్త్రీ మాత్రం పేరు దాచుకోవలసి వచ్చింది.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేలుతున్నాయి. ఒకటి: కాల్పనిక యుగపు సంగీత ప్రక్రియలు మాటకూ నాదానికీ గల సంబంధంపై వేర్వేరు సమాధానాలు. లీడ్ కవితకు వ్యాఖ్యానమైంది. పియానో ఖండిక మాటను వదిలి గేయగుణాన్ని ఉంచుకుంది. స్వరకావ్యం కావ్యాన్ని పేరులో నిలుపుకుంది. వాగ్నర్ ఒపేరా రెండింటినీ ఒకే చేతిలోకి తెచ్చింది. రెండు: ఆ ఉద్వేగానికి భావజాలంతో పాటు పోషక వర్గంలో, వాద్య నిర్మాణంలో వచ్చిన మార్పులు కూడా కారణాలు. మూడు: ఆత్మాశ్రయత్వం, జాతీయత అనేవి ఆ యుగంలో అందరికీ సమానంగా అందిన విలువలు కావు.

తెలుగు భావకవిత్వ అధ్యయనానికి దీనివల్ల ప్రయోజనం ఉంది. మన భావకవిత్వం అచ్చులో ఎంత చదివారో, సభల్లో అంతగా విన్నారు. 'ఎంకి పాటలు' పేరులోనే పాట ఉంది. కృష్ణశాస్త్రి గేయాలు ఆకాశవాణి లలితసంగీతం ద్వారా ఇంటింటికీ చేరాయి. అయినా మన విమర్శ ఆ గేయాలను పద్యపాఠాలుగానే పరిశీలిస్తున్నది. స్వరకర్త ఆ కవితను ఎలా చదివాడు, ఏ మాట దగ్గర ఆగాడు, ఏ మౌనాన్ని వాద్యంతో నింపాడు అన్న కోణంలో లలితసంగీతాన్ని అధ్యయనం చేస్తే, అది కూడా ఒక సాహిత్య వ్యాఖ్యాన సంప్రదాయంగా రుజువవుతుంది. షూబర్ట్ రాట్నం ఆగిన చోట ఒక కవితార్థం ఉంది. అటువంటి చోట్లు మన పాటల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో వెదకవలసిన బాధ్యత తెలుగు శాఖల మీద ఉంది.